ఎన్ని సంతలైంది?

ఎనిఫాకి తేదీలు తెలియవు.
ఎండబెట్టిన ఉసిపా చేపల బుట్టలే ఆమె కేలండరు.
మొదటి సంతనాడు త్వైబు
తలకి గుడ్డ బిగించి కట్టుకుని
వల ముందు కూర్చున్నాడు.
ఎండదెబ్బ అన్నారు.
మలావీ సరస్సు మీద ఎండ
ఎవరి నెత్తిన కొట్టదు గనక!

రెండో సంతకి
సూదులు రెండయ్యాయి.
ముప్ఫై ఏళ్లు వలలు కుట్టిన చెయ్యి
లేని సూదిలోకి దారం దూరుస్తోంది,
దూరక నవ్వుతోంది.
ఆ నవ్వు ఎనిఫాకి నచ్చలేదు.

తలుపు మూసెయ్యమన్నాడు,
నీళ్ల మీది వెలుగు కళ్లలో ఇసక పోస్తోందట.
తాగిన గంజి తాగినట్టే
ఒక్క ఉదుటున కక్కాడు.
ఒళ్లు చూస్తే పెద్ద కాకేమీ లేదు.

మా దగ్గరికి వచ్చారు.
వేలు పొడిచింది నేనే.
మలేరియా పట్టీ మీద ఒక్కటే గీత.
ఒక్క గీతంటే లేదని.
అయినా మలేరియా మాత్రలే ఇచ్చాం.
అంత దూరం నడిచొచ్చిన మనిషిని
ఉత్త చేతుల్తో ఎలా పంపుతాం?
కపలాములా గారు మెడ వంచి చూశారు.
వంగింది.
వంగింది కదా అని మా మనసూ వంగింది.

ఇప్పటికీ కొన్ని రాత్రులు
ఆ మెడ నా కళ్ల ముందు
మెత్తగా వంగుతూనే ఉంటుంది.

మూడో సంతనాడు
కూతుర్ని చచ్చిపోయిన మేనత్త పేరుతో పిలిచాడు.
పక్కింటి శవం దగ్గర పడీపడీ నవ్వాడు.
ఎవరో చేతబడి అన్నారు.
ఎనిఫా వినలేదు, అద్దె సైకిలు పిలిచింది.
జారిపోకుండా అతన్ని
తన చితెంజె గుడ్డతో సైకిలువాడి నడుముకి కట్టి
పక్కన పరిగెత్తుకుంటూ వచ్చింది.

మొదటిరోజే అడగాల్సిన మాట
కపలాములా గారు అప్పుడడిగారు:
'రోజూ వేసుకునే మాత్రలు, వేసుకుంటున్నాడా?'
ఆమె నేల చూసింది.
'దీవుల్లో వేటకెళ్లినప్పుడు అయిపోయాయి. అయిదు నెలలు.'
హెచ్ఐవీ అన్న మాట ఎవరం అనలేదు.
గదిలో అందరికీ వినబడింది.

'వెన్నులోంచి నీళ్లు తీస్తే చచ్చిపోతారంట కదా?'
అంది వెంట వచ్చిన తోడికోడలు.
'తియ్యకపోతే బతుకుతున్నాడా?' అంది ఎనిఫా.

గాజు గొట్టంలో నీరు
ఎక్కింది, ఎక్కింది,
గొట్టం కొస దాటి పొర్లింది.
తేటగా ఉంది, చెలమ నీరులా.
తేటగా ఉందంటే మంచిదేగా అని
నర్సు మొహంలో ఒక ఆశ.
నేనేమీ అనలేదు. సీసా పట్టుకుని పరిగెత్తాను.

నా బల్ల మీద నల్ల సిరా ఉంటుంది.
ఇండియా ఇంకు అంటారు, ఆ దేశం నేను చూడలేదు.
ఆ తేట నీటికి ఒక చుక్క చీకటి కలిపి
కన్ను ఆనించాను.

నల్లటి ఆకాశం.
గుండ్రటి గింజ, దాని చుట్టూ తెల్లటి గుడి.
పక్కన ఇంకొకటి.
మొగ్గ తొడుగుతూ మరొకటి.
చంద్రుడికి గుడి కడితే వానొస్తుందని
పడవలవాళ్లు వలలు చుట్టేస్తారు.
ఇక్కడ ఇన్ని చంద్రుళ్లు, అన్నిటికీ గుళ్లు.
వాన ఎప్పుడో మొదలైంది,
ఆ మనిషి తల లోపల.

బూజు. రొట్టె మీద కాదు, గోడ మీద కాదు,
మెదడు చుట్టూ ఉన్న పొరలో.

నేను తిరిగొచ్చేసరికి
పొర్లిన నీటితో బరువు కొంత దిగి
త్వైబు కళ్లు తెరిచాడు.
'ఈ వేళప్పుడు చేపలెవరు కాలుస్తున్నారు?' అన్నాడు.
ఎవరూ కాల్చడం లేదు.
ఎనిఫా మాత్రం 'నేనే' అంది.

ఆ తర్వాత మందులు, మళ్లీ సూదులు,
వినిపించడం మానేసిన ఎడమ చెవి.
ఇంకా వార్డులోనే ఉన్నాడు.
బతుకుతాడా అని అడక్కండి,
నేను చూసేది చుక్కలనే.

కానీ నిన్న మినీబస్సులో
కిటికీకి కణత ఆనించి,
టోపీ కళ్ల మీదికి లాక్కున్న కుర్రాణ్ణి
భుజం తట్టి లేపాను.
ముక్కూ మొహం తెలియని వాణ్ణి.
'తలనొప్పా?' అన్నాను.
విసుక్కుంటూ తలూపాడు.

'ఎన్ని సంతలైంది?'